మూడో గది అన్నదమ్ములు

ఎనిమిదో వారం ఆఖరి తూకాలు ముగిసేసరికి గురువారం పొద్దున పదకొండయింది. నేలిదా నోటుపుస్తకం మూసింది, మళ్ళీ తెరిచింది, మూడో గది అంకెల మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది.

“అత్తా, మూడో గదీ ఏడో గదీ తినేది ఒకటే మేత కదా?”

“ఒకటే.”

“బస్తా ఒకటే. తూచేది నేను, పోసేది నువ్వు. మరి మూడో గదిలో ముగ్గురూ కిలో దాటి కూర్చున్నారు. ఏడో గదిలో ముగ్గురూ ముప్పావు కిలో దగ్గరే మూలుగుతున్నారు. ఎందుకంటావ్?”

షెడ్డు పని చూసే సతుర్నీనా చేతిలో ఉన్న కూయీని గదిలోకి దించి, పావడాకు చేతులు తుడుచుకుంది.

“నన్నడుగుతావేంటి ఇంజనీరమ్మా, చదువుకుంటున్నదానివి నువ్వు,” అంది. గొంతు మామూలుగానే వచ్చింది. అంత మామూలుగా వచ్చినందుకు ఆమెకే భయమేసింది.

ఎందుకో ఆమెకు తెలుసు. వయ్రాపంపా పశు క్షేత్రం మొత్తంలో ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

కూయీ అంటే రెండు అరచేతుల్లో ఇమిడే, తోకలేని జంతువు. గినీ పంది అనేవాళ్ళూ ఉన్నారు, అననీ. మంతారో లోయలో పెళ్ళయినా, పిల్లకు పేరు పెట్టినా, ఇంటికి పైకప్పు వేసినా పళ్ళెంలో దాని వేపుడు ఉండాలి. లేకపోతే వియ్యాలవారు మూడు తరాలు చెప్పుకుంటారు. అలాంటి జంతువుకు బఠానీ పొట్టు పెడితే త్వరగా బరువెక్కుతుందా లేదా అన్నది నేలిదా ప్రయోగం. నాలుగు రకాల మేత: ఒకదాంట్లో పొట్టు అసలు లేదు, ఒకదాంట్లో కొంచెం, ఒకదాంట్లో ఇంకొంచెం, ఒకదాంట్లో దండిగా. నడుమెత్తు ఇటుక గోడల గదులు పదహారు. గదికి మూడేసి మగపిల్లలు, మొత్తం నలభై ఎనిమిది. ఈ ప్రయోగం నెగ్గితే నేలిదాకు పశుపోషణలో ఇంజనీరు పట్టా వస్తుంది. వాంకవెలికాలో అమ్మ దుప్పట్లు నేసి చదివించిన ఆరేళ్ళ చదువు ఈ నలభై ఎనిమిది జంతువుల దగ్గర వచ్చి ఆగింది.

మొదటిరోజు ఏ పిల్ల ఏ గదిలోకి పోవాలో చీటీలు వేశారు. గైడు ఇంజనీరు ఆరౌకో తన టోపీ తీసి ఇచ్చాడు, నేలిదా చీటీలు తీసింది, సతుర్నీనా పిల్లల్ని గదుల్లో వదిలింది. చెవులకు నంబరు బిళ్ళలు ఆరోజే వేయాలి. లారీల సమ్మె వల్ల లీమా నుంచి బిళ్ళలు రాలేదు. వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ నేలిదా ఊళ్ళో లేదు, షెడ్డు తాళంచెవి సతుర్నీనా నడుముకు వేలాడుతోంది.

ఆ పిల్లలు ఏడ్చాయి. సతుర్నీనా కాపురం షెడ్డు పక్క గదిలోనే, మధ్యలో ఉన్నది ఒకటే గోడ. ఈ గదిలోంచి ఒకటి కూయ్‌మంటే ఆ గదిలోంచి ఇంకొకటి కూయ్‌మంటుంది. తోడబుట్టినవాటిని విడదీస్తే కూయీ దిగులుతో చస్తుందని ఆమె ఊళ్ళో ముక్కుచీమిడి తుడుచుకోలేని పిల్లకు కూడా తెలుసు. పైగా ముఖపరిచయం లేని మగవాటిని ఒకచోట పెడితే చెవులు కొరుక్కుంటాయి. “ఒక్కటి చచ్చినా, ఒక్క చెవి తెగినా నీదే పూచీ సతూ,” అని ఆరౌకో వేలు చూపించి మరీ చెప్పి పోయాడు. రెండోరోజు రెండు చెవుల మీద నెత్తురు కనిపించింది. మూడోరోజు ఆమె తాళం తీసి అన్నదమ్ముల్ని అన్నదమ్ముల దగ్గరికి చేర్చింది. పదకొండు గదుల్లో పిల్లలు అటూ ఇటూ అయ్యాయి. గదికి మూడు అన్న లెక్క మాత్రం తప్పలేదు. ఆ సాయంత్రానికి షెడ్డు సద్దుమణిగింది.

తర్వాత బిళ్ళలు వచ్చాయి, ఎక్కడున్నదానికి అక్కడే చెవికి నంబరు పడింది. ఒక్కటీ చావలేదు. ఆరౌకో ఆమె భుజం కూడా తట్టాడు. ఎనిమిది వారాలపాటు తను చేసింది మంచిపనే అనుకుంది సతుర్నీనా. ఈ గురువారం నేలిదా మొహం చూసేదాకా ఆమెకు ఇందులో తప్పు ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం ఆరౌకో వచ్చాడు. అవే తూకాలను రెండు రకాలుగా లెక్కకట్టి, ఆ రెండు మోడళ్ళ కాగితాలను నేలిదా తూకాల గది గోడకు అంటించింది. ఒకదాని పైన నలభై ఎనిమిది, రెండోదాని పైన పదహారు అని పెద్దక్షరాల్లో రాసి ఉంది. ఆరౌకో రెండోదాన్ని కొనగోటితో కొట్టాడు.

“ఎన్ని జంతువుల్ని తూచావమ్మా?”

“నలభై ఎనిమిది, ఇంజనీరు గారూ.”

“మరి ఈ పదహారు ఎక్కడిది? మేనమామ సారె పెట్టాడా?”

“ఒక గదిలో మూడూ ఒకే తొట్టిలో తింటున్నాయండీ. ఒకే చలి, ఒకే తడి. మేత వేసేది గదికి గానీ జంతువుకు కాదు కదా. మూడింటినీ మూడు వేర్వేరు సాక్ష్యాలుగా ఎట్లా లెక్కేస్తాం? గదిని ఒకటిగా పట్టుకోవాలి.”

“సరే. నలభై ఎనిమిది మోడల్‌లో ఏం తేలింది?”

“పొట్టు దండిగా ఉన్న మేత గెలిచింది.”

“పదహారు మోడల్‌లో?”

“తేలడం లేదు. ఒకే మేత తిన్న గదుల మధ్యే కొండంత తేడా ఉంది. ఎందుకో అర్థం కావడం లేదు.”

“తేలనిదాన్ని మోడల్ అనరు, తలనొప్పి అంటారు.” ఆరౌకో సంచిలోంచి ఒక కరపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. బఠానీ పొట్టుతో కూయీల పెంపకం. రెండు వేలు అచ్చయిపోయాయి, సంతలో పంచడమే తరువాయి. “సోమవారం లీమా నుంచి డాక్టర్ మెహియా వస్తోంది. నీ పరీక్ష కమిటీలో లెక్కల మనిషి ఆవిడే. ఆలోపు నలభై ఎనిమిదితో రాసి పెట్టు. లేదా వేరే గైడును చూసుకో.”

అతను వెళ్ళేదాకా సతుర్నీనా మూలన చీపురు పట్టుకునే ఉంది, ఊడ్చిన చోటే ఊడ్చింది. ఆమెకు దోన్ క్రిసోస్తొమో గుర్తొచ్చాడు. ఆమెకు ముందు ఈ షెడ్డు చూసినవాడు అతనే. వియ్యంకుడు చెప్పకుండా దిగితే, పళ్ళెంలో పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక ప్రయోగంలోంచి ఒక కూయీని కోసి వేయించి, దాని చోట అదే రంగుదాన్ని పెట్టాడు. ఆరౌకో పట్టేశాడు. ఆ వారమే ఉద్యోగం పోయింది, దాంతోపాటు ఇప్పుడు సతుర్నీనా ఉంటున్న గదీ పోయింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఈ గది తప్ప తల దాచుకోవడానికి వేరే పైకప్పు లేదు. జంతువును కదిలించినవాళ్ళకు ఇక్కడ చోటు లేదన్నది ఎవరూ పాఠం చెప్పకుండానే ఆమెకు ఇప్పుడు తెలిసొచ్చింది.

శుక్రవారం నేలిదా వేపిన మొక్కజొన్న గింజల గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. తినడం లేదు, బల్ల మీద మూడేసి గింజల కుప్పలు పెడుతోంది.

“అన్నంతో ఆడుకుంటే కడుపు మాడుతుంది,” అంది సతుర్నీనా.

“అత్తా, మీ ఊరి సభలో ఓటు ఎవరికి?”

“ఇంటికొకటి.”

“ఒకింట్లో ముగ్గురు అన్నదమ్ములుంటే?”

“ఒకే పొయ్యి అయితే ఒకటే ఓటు. వేరుపడి వేరే పొయ్యి పెట్టుకుంటే వేరే ఓటు. అది కూడా తెలీదా నీకు?”

“అదే నా మోడల్. పదహారు పొయ్యిలు, పదహారు ఓట్లు. ఇంజనీరు గారేమో మనిషికో ఓటంటున్నాడు.”

“అట్లయితే మా ఊళ్ళో ఎప్పుడూ కిస్పే ఇంటివాళ్ళే గెలుస్తారు. తొమ్మిదిమంది మగాళ్ళు, తొమ్మిది నోళ్ళు, ఒకటే బుర్ర.”

నేలిదా నవ్వింది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. సతుర్నీనాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ ధైర్యంతోనే అడిగేసింది.

“మరి ఆ కుప్పలో మూడూ ఒక తల్లి పిల్లలైతే?”

“అప్పుడు తల్లిని కూడా మోడల్‌లో రాయాలి. పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్న తల్లి పిల్లలు గడ్డి తిన్నా పెద్దవే అవుతాయి కదా. అది మేత మహిమ అనుకుంటే మోసపోయినట్టే. కానీ మనకు తల్లులెవరో తెలీదు, పెద్ద గదిలో అన్నీ కలిసే ఉంటాయి, ఏది ఎవరి పాలు తాగిందో ఎవడికి తెలుసు. తెలియక్కర్లేదు కూడా. చీటీలు వేశాం కాబట్టి అన్నదమ్ములు ఎటు పడితే అటు చెదిరిపోయి ఉంటారు. చీటీ గొప్పతనమే అది అత్తా, మనకు తెలియనిదాన్ని కూడా అది సరిచేస్తుంది.”

సతుర్నీనా నోట్లో వేసుకున్న గింజ నమలకుండా ఉండిపోయింది. ఎవడికి తెలుసు అంటోంది ఈ పిల్ల. తల్లులు ఇరవై రెండు. మొహం చూస్తే, నెత్తిన సుడి చూస్తే, చెవి వాలు చూస్తే ఏది ఎవరి బిడ్డో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. మూడో గదిలో ఉన్నవి ఎర్రకొప్పు కొడుకులు. ఏడో గదివి నిద్రమొహందాని కొడుకులు, ఆ తల్లే పిడికెడు ఉంటుంది. ఇందులో కొండంత తేడా ఏముంది, కడుపు తేడా.

“ఒకవేళ చీటీలు సరిగ్గా... పడకపోతే?”

“తీసింది నేను. తీసినట్టే గదుల్లో ఉన్నాయని కింద సంతకం పెట్టిందీ నేనే. నా సంతకం అబద్ధమైతే ఇంక నేనేం ఇంజనీర్ని?” అని నేలిదా గింజలన్నీ ఒకే కుప్పగా దోసేసింది.

సతుర్నీనా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చెప్తే తన గది పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల తలా తోకా లేని లెక్కతో కుస్తీ పడుతూనే ఉంటుంది. శనివారం రెండుసార్లు తూకాల గది గుమ్మం దాకా వెళ్ళింది. మొదటిసారి నేలిదా కంప్యూటర్ ముందు తల పట్టుకుని ఉంది, “ఏంటత్తా?” అంటే “ఉప్పుందా?” అని అడిగి వచ్చేసింది. రెండోసారి ఉప్పు తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది. ఆ ఉప్పు పొట్లం ఇచ్చేటప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం కొన్సెప్సియోన్ సంతలో బస్సుల దగ్గరికి పోయింది. దోన్ క్రిసోస్తొమో అక్కడ తోపుడుబండి మీద వేడివేడి మూలికల నీళ్ళు అమ్ముతున్నాడు.

“ఏం సతూ, నీ కూయీలు కులాసానా? నాది ఒకటి మా వియ్యంకుడి పొట్టలో కులాసాగా ఉంది.”

ఆమె నవ్వలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అతను ఆమె మొహం చూసి నీళ్ళ గిన్నెకు మూత పెట్టేశాడు.

“నువ్వేదో చేశావు. నాకు చెప్పకు.”

“ఎందుకు?”

“నాకు చెప్తే సగం బరువు దిగుతుంది నీకు. ఆ దిగిన సగంతో హాయిగా ఇంటికి పోయి, చెప్పాల్సినవాళ్ళకి చెప్పవు. మొయ్యి. గ్లాసు ఇక్కడ పెట్టేసి పో.”

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అమ్మ పోయినప్పుడు తమకు జరిగింది గుర్తొచ్చింది. నలుగురు పిల్లలు. జ్ఞానస్నానం నాడు పిల్లలకు పూచీగా నిలబడ్డ పెద్దలు వచ్చి తలా ఒకరిని పట్టుకుపోయారు, దానధర్మం లాగానే. సతుర్నీనా జౌహాలో ఒకరింటికి, పెద్దతమ్ముడు తార్మాకు, కడగొట్టువాడు వాంకాయోకు. నడిపి తమ్ముడు హసింతోను లీమా తీసుకుపోయారు. ఏ వీధిలో ఏ ఇంటికో ఎవరూ చెప్పలేదు. ఆమె ఇప్పటికీ లీమా బస్సు దిగే యాభై ఏళ్ళు దాటిన మగవాళ్ళ చెవులు చూస్తుంది, వాడి ఎడమ చెవి కొంచెం చీలి ఉండేది. షెడ్డులో ఆ పిల్లలు కూయ్‌మంటుంటే ఆమె ఎందుకు ఊరుకోలేకపోయిందో ఆమెను అడిగితే ఇదంతా చెప్పేది కాదు. ఏడ్చాయి కాబట్టి అనేది.

సోమవారం డాక్టర్ మెహియా వచ్చింది. చిన్న మనిషి, ఉన్ని టోపీ, కొండ గాలికి రొప్పుతోంది. ఆరౌకో కుర్చీ చూపించి కాగితాలు ముందు పెట్టాడు. ఆవిడ కాగితాలు ముట్టుకోలేదు.

“ముందు జంతువుల్ని చూద్దాం. కాగితాలు ఎక్కడికీ పారిపోవు.”

షెడ్డులో ఒక్కో గది దగ్గరా వంగి, ఒక్కోదాన్ని ఎత్తి చూసి, దించుతూ పోయింది. మూడో గది దగ్గర ఎక్కువసేపు ఉండిపోయింది. పదకొండో గది దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. సతుర్నీనా కొండ పుదీనా వేసిన వేడినీళ్ళ కెటిల్ పట్టుకుని వెనకే నిలబడింది. 

“చీటీలు తీసింది ఎవరు?”

“నేనేనండీ,” అంది నేలిదా.

“నీ చెయ్యి చాలా మంచిదమ్మా. మూడో గదిలో మూడింటికీ వెనక కాలికి ఒక వేలు ఎక్కువ, మూడింటికీ నెత్తిన ఎర్ర సుడి. పదకొండో గదిలో మూడింటికీ కుడిచెవి నలుపు. ఆరో గది, తొమ్మిదో గది కూడా అంతే. చీటీలకు బంధుప్రీతి ఎప్పటినుంచి పట్టుకుంది?”

నేలిదా గదుల వంక చూసింది. ఎనిమిది వారాలు తూకం ముల్లునే చూసిన పిల్ల ఇప్పుడు మొదటిసారి మొహాలు చూసింది. 

ఆరౌకో గొంతు సవరించుకున్నాడు. “నేను టోపీ ఇచ్చానండీ, అంతవరకే. తర్వాత పట్టీ తయారుచేసింది ఈ అమ్మాయే. పిల్లల్ని నమ్మి వదిలేస్తాం, ఏం చేస్తాం.”

“నేను తీసినవే రాశాను,” అంది నేలిదా. “ఒట్టు.”

“ఒట్లు చర్చిలో పనికొస్తాయి. పెద్దవాటిని ఏరి, నెగ్గాల్సిన మేత దగ్గర పెట్టి, చీటీలు వేశామని సంతకం పెడితే దాన్ని దొంగ పత్రం అంటారమ్మా. ఇది నేను కమిటీకి పంపాలి. పట్టా మాట దేవుడెరుగు, నిన్ను చదువులోనే ఉంచరు.”

కెటిల్ నేల మీద పెట్టిన చప్పుడయింది.

“ఆ పిల్లకేం తెలీదు,” అంది సతుర్నీనా. “మార్చింది నేను. చెవి బిళ్ళలు రాకముందు, మూడోరోజు. తాళంచెవి నా దగ్గరే ఉంది.”

 డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “ఎందుకు మార్చావు?”

“ఏడ్చాయి.”

ఆరౌకో మొహం జేవురించింది. “సామాను సర్దుకో సతూ. సాయంత్రానికి గది ఖాళీ అవ్వాలి.”

“ఆగండి ఇంజనీర్.” డాక్టరమ్మ సతుర్నీనా దగ్గరికి వచ్చింది. “అన్నదమ్ముల్ని కలిపాను అంటున్నావు. ఎవరికి ఎవరు అన్నదమ్ములో నీకెట్లా తెలుసు? కాగితాల్లో తల్లి లేదే.”

“కాగితంలో ఎందుకమ్మా, మొహంలో ఉంది కదా.”

ఆరౌకో ముక్కుతో నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఒక గోనెసంచి తెప్పించి, వేర్వేరు గదుల్లోంచి పద్దెనిమిదింటిని అందులో వేయించింది. ఒక్కోదాన్ని తీసి, చెవి బిళ్ళ బొటనవేలి కింద దాచి పట్టుకుంది. సతుర్నీనా దాని తల్లి పేరు చెప్పింది, డాక్టరమ్మ రాసుకుంది. అన్నిటినీ మళ్ళీ సంచిలో కలిపి రెండోసారి తీసింది. సతుర్నీనా మళ్ళీ చెప్పింది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు.

“మొదటి గదినుంచి మొదలుపెట్టు,” అంది డాక్టరమ్మ. “నేలిదా, రాసుకో.”

“వీడు కుంటిదాని పెద్దవాడు. వీడు దాని చిన్నవాడు. వీడు వాళ్ళకేమీ కాడు, జొన్నచెవిదాని ఒక్కగానొక్కడు, చోటు లేక ఇక్కడ పెట్టాను. రెండో గది, పంతులమ్మ కొడుకులు, మూతి తెల్లగా ఉంటుంది చూడు, సుద్ద తిన్నట్టు...” అలా నలభై ఎనిమిదింటికీ చెప్పింది. నేలిదా తల ఎత్తకుండా రాసింది. ఆ పిల్ల కలం ఎంత గట్టిగా పట్టుకుందంటే కాగితం రెండుచోట్ల చిరిగింది.

డాక్టరమ్మ మోడల్‌లో గదిని ఉంచింది, పక్కన తల్లిని చేర్చింది. కంప్యూటర్ కాసేపు ఆలోచించి అంకెలు కక్కింది. దండి పొట్టు మేత గొప్పతనం ఎండకు మంచులా పోయింది.

“బఠానీ పొట్టు గెలవలేదు, ఓడలేదు,” అంది ఆవిడ. “ఎర్రకొప్పు గెలిచింది. ఇంజనీర్, ఈసారి కరపత్రం దాని పేరు మీద వేయించండి.”

ఆరౌకో బల్ల మీది కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“ఈ ప్రయోగం ఎందుకూ పనికిరాదు. ఫిబ్రవరి ఈతకు మళ్ళీ చెయ్యాలి. అప్పుడు తల్లి మోడల్‌లో ముందే ఉంటుంది. ఒక తల్లి కొడుకులు ఒకే మేత తినకూడదు, ఒకే గదిలో ఉండకూడదు, ఎవరు ఎటో చీటీ చెప్తుంది. తల్లులెవరో చెప్పగలిగింది ఈమె ఒక్కతే. ఈమెను పంపిస్తే మీ మోడల్ కూడా సామాను సర్దుకుంటుంది.”

అలా సతుర్నీనా గది ఆమెకే మిగిలింది. మిగిలినందుకు సంతోషపడదామన్నా వీలు లేకపోయింది, నేలిదా ఆమెతో మాట్లాడటం మానేసింది. నాలుగోరోజు మేత బస్తా దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

“నా మీద కోపమా?” అంది సతుర్నీనా.

“ఎనిమిది వారాలు నా పక్కన నిలబడి తూకం పట్టారు. గింజల కుప్పలతో మోడల్ నాచేత చెప్పించుకున్నారు. ఉప్పడిగారు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు కదా సతుర్నీనా గారూ.”

ఆ ‘గారూ’ చెంప మీద కొట్టినట్టు తగిలింది. సతుర్నీనా తల వంచుకుంది. 

ఫిబ్రవరిలో వానలు పట్టుకున్నాయి. పాలు మాన్పించిన పిల్లలు, ఈసారీ నలభై ఎనిమిదే, బుట్టల్లో కళ్ళు మిటకరిస్తున్నాయి. చెవి బిళ్ళలు ముందే వచ్చి డబ్బాలో ఉన్నాయి. సతుర్నీనా ఒక్కోదాన్ని ఎత్తి తల్లి పేరు చెప్పింది, నేలిదా చెవికి నంబరు వేసి పుస్తకంలో ఎక్కించింది. తర్వాత టోపీలోంచి చీటీ తీసి గది నంబరు చదివింది. ఆ గదిలోకి తీసుకెళ్ళి వదలాల్సింది సతుర్నీనానే.

పోయినసారి విడదీసింది చీటీ, అది గుడ్డిది, ఎవరికెవరో దానికి తెలియదు. ఈసారి అన్నీ తెలిసిన చేతులే విడదీయాలి. వీళ్ళు అన్నదమ్ములని ఆమె నోటితోనే చెప్తేనే అన్నదమ్ములు విడిపోతారు. తప్పు చెప్పొచ్చు. ఎర్రకొప్పు కొడుకుని కుంటిదాని కొడుకని చెప్తే పట్టుకునే మొనగాడు ఈ లోయలో లేడు. ఆ ఆలోచన రాకపోలేదు. బుట్ట మీదికి నేలిదా వంచిన తల కనిపించింది, పాపిడిలో ఆర్నెల్ల కిందట లేని తెల్లవెంట్రుక ఒకటి కనిపించింది.

“ఎర్రకొప్పు,” అంది సతుర్నీనా. “మూడూ దానివే.”

“పెద్దది మూడు. నడిపిది ఎనిమిది. చిన్నది పద్నాలుగు.”

మూడింటినీ మూడు చోట్ల వదిలి వచ్చింది. నడిపిది ఆమె వేలిని కాసేపు వదల్లేదు.

సాయంత్రం నాలుగింటికి పని అయిపోయింది. అప్పటికే ఏడుపు మొదలైంది. నేలిదా పుస్తకం సంచిలో పెట్టుకుంటుంటే సతుర్నీనా నడుముకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది.

“ఇది నువ్వు తీసుకుపో.”

“మేత వెయ్యొద్దా?”

“మేత వేళకి నువ్వే వచ్చి తలుపు తియ్యి, నువ్వే మళ్ళీ వేసుకుపో. నా దగ్గరుంటే నేను ఊరుకోలేను.”

నేలిదా ఆమెను చూసింది. చాలా రోజుల తర్వాత సూటిగా చూసింది. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుంది.

“చెవులు కొరుక్కుంటాయి,” అంది సతుర్నీనా.

“కొరుక్కుంటే మందు రాద్దాం అత్తా. ఎవరు ఎవర్ని కొరికారో పుస్తకంలో రాస్తా.”

వానలో నేలిదా గొడుగు గేటు దాటేదాకా సతుర్నీనా గుమ్మంలో నిలబడి, తర్వాత తన గదిలోకి పోయి మంచం మీద కూర్చుంది. మంచం గోడకే ఉంది. మూడో గదిలోంచి పెద్దది పిలిచింది. పద్నాలుగులోంచి చిన్నది పలికింది. మళ్ళీ పిలిచింది, మళ్ళీ పలికింది. ఎనిమిదో గదిలోంచి ఏమీ వినపడలేదు. సతుర్నీనా చెవి గోడకు ఆనించి, నడిపిది పలికేదాకా అలాగే కూర్చుంది.